పాఠం కింద పెట్టిన లింకు

మేడ్చల్ బస్టాండు వెనక సందులో, చర్చి వాళ్లు ఇచ్చిన పొడవాటి గదిలో హన్నా తొమ్మిదేళ్లుగా వినికిడి లేని పిల్లలకు మాట నేర్పుతోంది. చెవికి మిషన్ పెట్టగానే పిల్లలు మాట్లాడేయరు. శబ్దం అనేది ఒకటుందని, దానికో అర్థముందని, ఆ అర్థాన్ని తాము కూడా నోటితో పలకొచ్చని వాళ్లకు మెల్లగా తెలియాలి. అదీ చిన్న వయసులోనే తెలియాలి. ఆలస్యమయ్యేకొద్దీ మాట మొండికేస్తుంది.

వారానికి రెండు రోజుల క్లాసు ఏ మూలకూ సరిపోదు. అందుకని ఇంటి దగ్గర రోజూ చేయించాల్సిన పాఠాలను ఆమె వీడియోలుగా తీసింది. కుక్కర్ కూత, పాలవాడి హారన్, తలుపు గొళ్లెం చప్పుడు, వాటి తర్వాత వాటి పేర్లు. దూలపల్లిలో ఒక చిన్న ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్ పని చేసే తమ్ముడు స్టీఫెన్ వాటన్నిటినీ ఒక వెబ్‌సైట్‌లో పెట్టి, దానికి 'వినే బడి' అని పేరు పెట్టాడు. ప్రకటనలుండవు. ఎవరైనా చూసుకోవచ్చు.

మార్చిలో ఒక రోజు షామీర్‌పేట నుంచి ఎంకయ్య, గంగమ్మ అనే భార్యాభర్తలు వచ్చారు. చెరువులో చేపలు పట్టి బతికేవాళ్లు. వెంట ఆరేళ్ల కొడుకు. వాడికి ఒక్క మాట కూడా రాదు. ఇన్నాళ్లూ ఏం చేశారని హన్నా కాస్త గట్టిగానే అడిగింది. ఎంకయ్య తల దించుకుని, "రెండేండ్ల సంది ఫోన్ల ఎతుకుతనే ఉన్నం మేడం. మీరు యాడ దొరకలే" అన్నాడు.

ఆ మాట హన్నాను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. షామీర్‌పేటకీ మేడ్చల్‌కీ ఎంత దూరమని? వాళ్లు వెతికిన మాటలే తానూ ఫోన్‌లో కొట్టి చూసింది. వేలు నొప్పెట్టేదాకా కిందికి జరిపితే తప్ప 'వినే బడి' కనబడలేదు. పైనంతా ఊరూ పేరూ లేని సైట్లు. ఇది ఎట్లా పైకొస్తుందని తమ్ముణ్ణి అడిగింది.

స్టీఫెన్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. భాస్కర్ అనే అతను పదకొండు సైట్లు నడుపుతున్నాడట. ఒకటి ఆరోగ్యం, ఒకటి జాతకాలు, ఒకటి పరీక్షా ఫలితాలు, ఒకటి లోన్లు, ఇట్లా. మీ లింకు మేం పెడతాం, మా లింకు మీరు పెట్టండి అని మెయిల్ రాశాడట. పది చోట్ల మన పేరు కనబడితే వెతికినప్పుడు మనం పైకి రావచ్చని, అందరూ చేసేదే ఇదని స్టీఫెన్ చెప్పాడు.

ముందు ఆ ఆరోగ్యం సైటు చూపించమంది హన్నా. తెరవగానే తెర సగం ఒక ప్రకటన కప్పేసింది. దాన్ని మూయబోతే ఇంకోటి తెరుచుకుంది. చెవుడు గురించి రాసిన నాలుగు ముక్కలు ఎక్కడివో తెచ్చి అతికించినవి. ఒక వాక్యానికీ తర్వాతి దానికీ పొంతన లేదు. ఆ నాలుగు ముక్కల మధ్య మూడు ప్రకటనలు. ఒకదాంట్లో పెద్ద ఆకుపచ్చ బొత్తాం మీద 'మిషన్ అక్కర్లేదు, చుక్కల మందుతో ఇరవై ఒక్క రోజుల్లో వినికిడి' అని ఉంది.

హన్నా ఒళ్లు మండింది. తొమ్మిదేళ్లుగా తాను పిల్లల చెవుల దగ్గర కూర్చుని చేస్తున్న పనిని ఎవడో ఒక బొత్తాంలో పెట్టి అమ్ముతున్నాడు. ఇట్లాంటి వాళ్ల పక్కన మన పేరెందుకని అడిగింది.

మన పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో పెడతామని, అక్కడిదాకా ఎవరూ చదవరని స్టీఫెన్ నచ్చజెప్పాడు. "ఎంకయ్య కొడుకసొంటి పోరగాళ్లు ఇంకెంతమంది ఉన్నరో ఆలోచించక్కా. నీ పట్టింపు ముఖ్యమా, ఆళ్లు ముఖ్యమా?"

అక్కడే హన్నా తడబడింది. వద్దు అని చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఎంకయ్య దించుకున్న తల గుర్తొచ్చింది. "చూద్దాం తియ్" అని ఊరుకుంది. అక్క ఒప్పుకుందనే స్టీఫెన్ అనుకున్నాడు. వారం తిరక్కుండా లింకులు పెట్టేశాడు. మళ్లీ అడగలేదు. పని ఒత్తిడిలో ఆమె కూడా ఆరా తీయలేదు.

రావల్కోల్ నుంచి జంగమ్మ అనే ఆవిడ నాలుగేళ్ల మనవరాలు నయనను క్లాసుకు తెచ్చేది. పిల్ల తల్లిదండ్రులిద్దరూ తెల్లారగానే కూలికి పోతారు, ఆలనాపాలనా అంతా అవ్వదే. జంగమ్మకు చదువు అంతంత మాత్రం. అయినా రోజూ మధ్యాహ్నం పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫోన్‌లో పాఠం పెట్టేది. హన్నా చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. ఏడాదిలో నయన వెనక నుంచి పిలిస్తే తిరిగి చూడ్డం, 'అవ్వ' అనడం, బస్సు వస్తే 'బచ్చు' అనడం నేర్చింది.

ఏప్రిల్ చివర్లో జంగమ్మ రావడం మానేసింది. ఫోన్ చేస్తే పిల్లకు పానం బాగలేదంది, పెట్టేసింది. మూడో వారం కూడా రాకపోయేసరికి హన్నా ఆటో ఎక్కి రావల్కోల్ పోయింది.

నయన అరుగు మీద బొమ్మతో ఆడుకుంటోంది. హన్నా వెనక నుంచి పేరు పెట్టి పిలిచింది. పిల్ల తిరగలేదు. దగ్గరికి పోయి చూస్తే చెవులకు మిషన్లు లేవు. రెండు చెవుల్లోంచీ పసుపుపచ్చని చీము కారి చెంప మీద చారలు కట్టింది. వాసన వేస్తోంది.

జంగమ్మ లోపల్నుంచి వచ్చి, భయపడుతూనే ఒక సీసా చూపించింది. ఇంకో ఆరు రోజులు మందు వేస్తే అయిపోతుందంది. చీము కారితేనే లోపలి చెడంతా పోతుందని ఫోన్లో సారు చెప్పాడట. మందు పనిచేసేదాకా మిషన్లు పెట్టొద్దన్నాడట. అవి బియ్యం డబ్బాలో భద్రంగా దాచింది.

ఈ మందు ఎవరు చెప్పారని హన్నా అడిగింది.

జంగమ్మ ఆమె ముఖంలోకి ఆశ్చర్యంగా చూసింది. "మీరే గద టీచరమ్మా. మీ ఫోను బడిలనే ఉండె. పాఠం అయినంక కింద నీలం అచ్చరాలుంటే ఒత్తిన. గా పచ్చ బొత్తాం వచ్చింది. నంబరు కొట్టుమంటే కొట్టిన. జల్దీనే ఫోను చేసిన్రు."

హన్నా అక్కడే అరుగు మీద కూలబడింది. ఎవరూ చదవరన్న ఆ అడుగు అక్షరాలదాకా జంగమ్మ పోయింది. తన మీది నమ్మకంతోనే పోయింది. హన్నాకు ఎవరి మీద ముందు కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. సీసా తిప్పి చూసింది. మందులో ఏముందో రాసిలేదు. తయారుచేసినవాడి చిరునామా లేదు. నవ్వుతున్న పిల్లవాడి బొమ్మ మాత్రం ఉంది.

అప్పటికప్పుడు అదే ఆటోలో ఇద్దర్నీ మేడ్చల్‌లో చెవి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. చెవి గొట్టం లోపల తోలు ఊడిందని, పుండు మానేదాకా మిషన్లు పెట్టడానికి లేదని, మూడు వారాలైనా పడుతుందని ఆయన చెప్పాడు. చెవి తుడుస్తుంటే నయన గొంతు చించుకుని ఏడ్చింది. తన ఏడుపు తనకే వినబడని పిల్ల ఏడిస్తే దానికి హద్దుండదు. జంగమ్మ బయట గోడకు చేరబడి, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

సాయంత్రం స్టీఫెన్ గదికి వచ్చేసరికి హన్నా బల్ల మీద సీసా పెట్టుకుని కూర్చుంది. జరిగింది చెప్పింది. అతని ముఖం పాలిపోయింది. అయినా, తాను ఆమె మంచికే చేశానని, సైటు చూసేవాళ్లు నెలలో మూడొందల మంది పెరిగారని గొణిగాడు.

"ఆ మూడొందల మంది ఏం చూసిన్రో తెరిచి చూపెట్టు" అంది హన్నా.

స్టీఫెన్ లెక్కలున్న పేజీ తెరిచాడు. జాతకాల సైటు నుంచి వచ్చినవాళ్లు, లోన్ల సైటు నుంచి వచ్చినవాళ్లు. ఒక్కొక్కరూ ఉన్నది ఏడెనిమిది సెకన్లు. పొరపాటున తలుపు తీసి, తాము వెతికే ఇల్లు కాదని మూసిపోయినవాళ్లే అంతా. ఒక్కరంటే ఒక్కరు ఒక పాఠమైనా పెట్టి చూడలేదు.

"అచ్చేటోళ్లు ఎవ్వరూ మన పిల్లలోళ్లు కారు. మనకాన్నుంచి పోయింది మాత్రం మన జంగమ్మ" అంది హన్నా. గొంతు పెంచలేదు. "నేను అప్పుడే వద్దనకపోవుడు నా తప్పు. అడగకుండ పెట్టుడు నీ తప్పు. ఇగ తీసెయ్. నా కండ్ల ముంగట తీసెయ్."

స్టీఫెన్ ఒక్కొక్కటే తీసేశాడు. తలెత్తలేదు.

మర్నాడు హన్నా భాస్కర్‌కు ఫోన్ చేసింది. అతను మర్యాదగానే మాట్లాడాడు. ప్రకటనలు తన చేతిలో ఉండవని, ఎవరివి వస్తాయో తనకే తెలియదని, పచ్చ బొత్తాం నొక్కమని తానెవరికీ చెప్పలేదని అన్నాడు. మరి వాటి మీద వచ్చే డబ్బులు ఎవరికి చేరతాయని ఆమె అడిగింది. అది వదిలేసి, లింకులు తీసేస్తే మీరే వెనకబడతారు మేడం అని సలహా ఇచ్చాడు. హన్నా ఆ సలహా వినదలచుకోలేదు. తన పేజీ పేరు అతని పదకొండు సైట్లలో ఎక్కడా కనబడకూడదని, కనబడితే సీసాతో సహా పోలీస్ స్టేషన్‌కు వస్తానని చెప్పి పెట్టేసింది. ఆ పూటే మందుల తనిఖీ అధికారులకు ఫిర్యాదు కూడా రాసింది. దానికి జవాబు ఇంకా రాలేదు.

ఆ వారంలోనే, చెవి చూపించడానికి వచ్చిన జంగమ్మ హన్నా గదిలో కూర్చుని ఉండగా ఆ మందు సారే ఫోన్ చేశాడు. రెండో సీసా పంపించమంటారా అని. జంగమ్మ ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకుంది. "ఫస్టు సీసల ఏం పోసినవ్? పేరు చెప్పు. నా మన్మరాలి చెవుల ఏం పోపిచ్చినవో చెప్పు."

అతను పెట్టేశాడు. ఆమె మళ్లీ చేసింది. ఎత్తి, గొంతు గుర్తుపట్టి పెట్టేశాడు. మూడోసారికి ఆ నంబరు కలవలేదు. జంగమ్మ చేయి చాపింది. హన్నా తన ఫోన్ ఇచ్చింది. దాన్నుంచీ కలవకుండా పోతే పక్కనున్న స్టీఫెన్ తనది తీసిచ్చాడు. మొత్తం పదిసార్లు అదే ప్రశ్న అడిగింది జంగమ్మ. ఒక్కసారైనా జవాబు రాలేదు. చివరికి ఫోన్ పక్కన పెట్టి, "ఆనికే తెల్వదు టీచరమ్మా" అంది.

సైటు పైకి రాలేదు. ఎప్పటిలాగే అడుగునే ఉంది. హన్నా ఇక దాన్ని పైకి లాగే ఆలోచన మానేసి, ఆదివారం ప్రార్థన తర్వాత ఒక్కో ఊరి అంగన్‌వాడీ టీచర్లను కలవడం మొదలుపెట్టింది. పిల్లలు ఏ నెలకు ఏ చప్పుడుకు తిరగాలో ఒక కాగితం మీద అచ్చు వేయించి ఇచ్చింది. కాగితాలు మోసేది స్టీఫెనే. బండి కూడా అతనిదే.

షామీర్‌పేటలో తల్లుల సమావేశం పెడితే జంగమ్మ కూడా వస్తానంది. సీసాను కవర్లో పెట్టుకొచ్చి చేతి నుంచి చేతికి తిప్పింది. తాను ఎట్లా మోసపోయిందో, పిల్ల చెవులు ఎట్లా చీము పట్టాయో, మానినాక మిషన్లు పెడితే నేర్చిన మాటలు సగం మరిచిపోయి మళ్లీ ఎట్లా మొదలుపెట్టాల్సొచ్చిందో దాచకుండా చెప్పింది. చెప్తూ చెప్తూ కోపంతో రెండుసార్లు ఆగిపోయింది. ఎవరూ కదల్లేదు.

అందరూ లేచాక అశ్రిత అనే చిన్న వయసు తల్లి వెనకే నిలబడిపోయింది. చంకలో పాప. తలుపు దబాలున పడినా ఉలికిపడదని, అత్త మాత్రం దేనికీ బెదరని మంచి పిల్ల అంటోందని మెల్లగా చెప్పింది.

హన్నా పాపను ఒళ్లోకి తీసుకుని, స్టీఫెన్‌కు కళ్లతో సైగ చేసింది. అతను వెనక్కి పోయి స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టాడు. పాప హన్నా గాజులతో ఆడుకుంటూనే ఉంది. ఇంకా గట్టిగా కొట్టాడు. పాప తిరగలేదు.

"ఎన్ని నెలలు?" అడిగింది హన్నా.

"ఎనిమిది పడ్డయి మేడం."

"మంచిగ జల్దీ అచ్చినవ్ బిడ్డా. రేపు పొద్దుగాల్నే మేడ్చల్‌కు తోలుకరా" అంది హన్నా. పాప చేతిలోంచి గాజు విడిపించుకుని, సంచిలోంచి పెన్ను తీసి, కాగితం వెనక దారి గీయడం మొదలుపెట్టింది.