గుడ్డ పెట్టినానా లేదా

రాజ్‌దూత్ మోటారుసైకిలు ఇంజను విప్పడం ఎవరికైనా చేతనవును. నాలుగు నట్లు తీస్తే తల ఊడొస్తుంది, దాని కింద బోరు, బోరు లోపల పిస్టను. తిరిగి బిగించడమే పని. నేను దాన్ని విప్పి చెక్కపెట్టెలో వేసి మంచం కింద పెట్టుకున్నాను. మూడు నెలలపాటు ఆదివారం ఆదివారం ఆ పెట్టె బయటికి లాగేవాడిని.

బండి కలకత్తా మల్లిక్ బజారులో తుక్కు ధరకి దొరికింది. టైర్లలో గాలి లేదు, ఇంజను పట్టేసి ఉంది. నేనూ మా బామ్మర్ది గురువులూ రిక్షా బండి మీద పడుకోబెట్టి గార్డెన్ రీచ్ తెచ్చాం. మా ఇంటిది దాలమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఓడలకాడ ఇనుము సాలనేదేటి? ఇంటికి కూడా మోసుకొచ్చినావు."

"సరదాకి" అన్నాను.

సరదా అబద్ధం కాదు. చిన్నప్పట్నించీ నాకు యంత్రం విప్పి చూడటం ఇష్టం. కానీ అసలు సంగతి వేరే ఉంది.

ఆ ఏడు, ఎనభై ఎనిమిదిలో, నేను పనిచేసే ఓడ మరమ్మతుల షెడ్డులో ఒక నీళ్ళ పంపు బిగించాను. మూత వేసి, బోల్టులన్నీ పట్టించి, చెయ్యి కడుక్కున్నాను. ఫోర్‌మాన్ కరెంటు ఇచ్చే ముందు చేత్తో తిప్పి చూశాడు. లోపల టక్‌మంది. మూత విప్పితే నా పానా. ఆయన మంచివాడు, ఎవరికీ చెప్పలేదు. "అప్పల్‌దా, బొయెస్ హొచ్చే" అని నవ్వాడు. వయసైపోతోందని. నేను నవ్వలేకపోయాను.

మా అయ్య ఖిదిర్‌పూర్ ఓడల డాకులో మూటలు మోసేవాడు. తన యాభయ్యారో ఏట ఒకనాడు డ్యూటీ దిగి వచ్చి, వాట్‌గంజ్‌లో మా ఇళ్ళ వరస కాక పక్క వరసలో ఎవరిదో గుమ్మం మీద కూర్చుని అమ్మని పేరుపెట్టి పిలిచాడు. పొద్దుపోయేదాకా అక్కడే కూర్చున్నాడు. తరవాత నాలుగేళ్ళు బతికాడు. మేమెవరమో తెలియకుండానే వెళ్ళిపోయాడు.

నాకు అప్పటికి యాభై అయిదు దాటింది.

ఒక ఇంజను మొత్తం విప్పి, ఒక్కటి కూడా మరిచిపోకుండా మళ్ళీ బిగించగలిగితే నా తలకాయ బాగున్నట్టే. అలా అనుకునే ఆ బండి కొన్నాను. దాలమ్మకి కూడా చెప్పలేదు.

విశ్వకర్మ పూజ ముందురోజు షెడ్డు కడిగి మధ్యాహ్నానికే వదిలేశారు. ఇంటికొచ్చి, గుమ్మంలో గోనెసంచి పరుచుకుని కూర్చున్నాను. ఆ రోజు పిస్టను ఎక్కించాలి.

పిస్టనుకి అడ్డంగా ఒక పిన్ను ఉంటుంది. ఆ పిన్ను జారిపోకుండా అటొకటి ఇటొకటి సన్నటి ఉక్కు తీగ చుట్టలు పెడతారు. లాకు అంటారు. గోరంత ఉంటుంది. దాన్ని కొక్కెంతో నొక్కి గాడిలో కూర్చోబెట్టాలి. చెయ్యి తప్పిందా, ఎగిరిపోతుంది. పిస్టను కిందే క్రాంకు తిరిగే గుంట నోరు తెరుచుకుని ఉంటుంది. లాకు అందులో పడితే, ఇంజను ఆడినప్పుడు బోరునీ పిస్టనునీ నమిలేస్తుంది.

అందుకే నాకు పని నేర్పిన బైరాగి మేస్త్రి మొదటిరోజే చెప్పాడు: తెరిచిన నోటికి గుడ్డ పెట్టందే పానా ముట్టుకోకు. ముప్ఫయ్యేళ్ళుగా ఆ మాట దాటలేదు. ఆ రోజూ దాలమ్మ పాత నీలం చీర ముక్క కుక్కాను. ఒక లాకు పెట్టాను. మధ్యలో నూనెచేతులు తుడుచుకోడానికి ఆ గుడ్డే తీశాను. రెండో లాకు పెడుతుంటే ఎగిరింది. అదెటు పోయిందో తరవాత చూడొచ్చని, అదనంగా తెచ్చిన మూడోది తీసి పెట్టి, బోరు దింపి, తల బిగించాను.

అంతా అయ్యాక పనిముట్లు తుడుస్తుంటే అనుమానం వచ్చింది. చేతులు తుడుచుకున్నాక గుడ్డ మళ్ళీ పెట్టినానా?

ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. గుడ్డ తీసింది గుర్తుంది. లాకు టింగుమని ఎగిరింది గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు, బోరు దింపేముందు గుంటలోంచి గుడ్డ లాగిందీ లేదు.

గోనె దులిపాను. గుడ్డ దులిపాను. గుమ్మం, మురికి కాలవ, చెప్పుల కింద అన్నీ వెతికాను. సైకిలు షాపువాడి దగ్గర అయస్కాంతం తెచ్చి నేలంతా తిప్పితే రెండు గుండుసూదులూ ఒక మేకూ అంటుకున్నాయి. లాకు లేదు.

"ఏటి ఎతుకుతున్నావు?" అంది దాలమ్మ.

"ఏటీ నేదు."

"ఏటీ నేనిదానికి నేలంతా నాకుతున్నావేటి?"

అయస్కాంతం ఇంకోసారి తిప్పాను. అది గుడ్డ తీసుకెళ్ళి సోడానీళ్ళ బాల్చీలో పడేసింది.

మర్నాడు పూజ. షెడ్డులో నా పానాలకి కుంకుమ పెట్టి విశ్వకర్మ ముందు పేర్చాను. ఇంట్లోవి కూడా అలాగే గూట్లో పెట్టి బొట్టు పెట్టింది దాలమ్మ. ఆ రోజు పనిముట్టు ముట్టరు. విప్పి చూద్దామన్నా వీల్లేదు. ఖిచిడీ పట్టుకుని ఇంటికొచ్చేసరికి గురువులు బండి చుట్టూ తిరుగుతున్నాడు.

"బావా, బిగించేసినావు గదా, కిక్కు కొట్టు. దేవుడి రోజు."

"రేపు మళ్ళీ విప్పాల."

"ఏం, పిస్టను తలకిందులుగా పెట్టేసినావా?"

"లాకొకటి లోపల పడిందేమోనని."

"ఉంటే గలగలమంటాది గదా. కొట్టి ఇందాం."

"నువ్వు ఇనేలోపల బోరు గీసుకుపోద్ది."

"మూడు నెలలు పెళ్ళికూతురిలా మంచం కింద దాసినావు. ముహూర్తానికి ముఖం సూపించవు" అని, డాబాల మీద గాలిపటాలు చూడ్డానికి పోయాడు.

నేను గుమ్మంలో కూర్చున్నాను. ఆకాశం నిండా పటాలు. ఒకటి తెగితే ఊరంతా "భో కాట్టా" అని కేకలు. దాలమ్మ బాల్చీ పక్కన కూర్చుని గుడ్డలు పిండుతోంది.

"లాకు పోతే కొత్తది కొనుక్కోవొచ్చు. ముద్ద కూడా దిగనీయకుండా కూర్సున్నావు. ఇంకేటో ఉంది" అంది, నా వైపు చూడకుండా.

అప్పుడు చెప్పాను. పంపులో పానా సంగతి, ఫోర్‌మాన్ నవ్వు, బండి ఎందుకు కొన్నదీ. చివరికి అయ్య సంగతి.

"గుడ్డ పెట్టినానో నేదో నాకు తెల్దు దాలమ్మా. నిన్నటిదే. తెల్దు."

అది చేతిలో గుడ్డ పిండటం ఆపింది. మా అయ్యకి ఆ నాలుగేళ్ళూ అన్నం తినిపించింది అదే.

"మావయ్యలాగ అయిపోతే నాకు సెప్పాలి గాని, ఇనపముక్కకి సెప్పుకుంటావా?" అంది. "ఏ గుడ్డ?"

"నీ నీలం సీర ముక్క."

బాల్చీలోంచి దాన్ని తీసి గట్టిగా మెలిపెట్టింది. వెంటనే "అమ్మో" అని వేలు నోట్లో పెట్టుకుంది.

ఆ చీర అంచు చిరిగితే దాలమ్మే ఎప్పుడో మడిచి కుట్టుకుంది. ఒకచోట కుట్టు ఊడి చిన్న సంచిలా ఉంది. ఆ సంచిలోంచి ఉక్కుతీగ కొస బయటికి వచ్చింది. లాగితే నా లాకు. వంకర కూడా పోలేదు.

"ఇదేనా?"

"ఇదే."

"మరింకేటి అలా కూర్సున్నావు?"

"గుడ్డ నా ఒళ్ళో ఉన్నప్పుడు కూడా అందులో పడొచ్చు. బండి బతికింది. నా సంగతి తేలనేదు."

అది గుడ్డని గచ్చు మీద పరిచింది. అరచేత్తో సాపు చేసింది. నల్లనూనె మరక సోడాకి లొంగదు. గుడ్డ మధ్యలో ఒక గుండ్రం అచ్చు పడి ఉంది, గుంట నోరంత. దానిమీదే కొంచెం పక్కకి జరిగి ఇంకో గుండ్రం.

"ఒకసారి పెడితే ఒక మచ్చ. రెండేటి?" అంది.

నేను వంగి చూశాను. మొదటి గుండ్రం పలచన. రెండోది చిక్కన, నూనెచేతులు తుడుచుకున్నాక పెట్టింది. కుట్టు ఊడిన సంచి సరిగ్గా ఆ రెండో గుండ్రంలో ఉంది. మొదటి గుండ్రం దానికి తగలనే లేదు.

తీశాను. తుడుచుకున్నాను. మళ్ళీ పెట్టాను. తల మరిచిపోయినా చెయ్యి మరిచిపోలేదు.

"ఆకలేస్తంది" అన్నాను.

ఖిచిడీ మొత్తం నేనే తిన్నాను. పటాల కేకల్లోనే గోడకి ఆనుకుని నిద్రపోయాను. జూన్ తరవాత పగటిపూట నిద్రపట్టింది అప్పుడే.

ఆదివారం పొద్దున గురువులు వచ్చాడు. బండి వీధిలోకి దింపాం. కిక్కు కొట్టాను. లేదు. ఆరుసార్లు కొట్టాను. చెమట పట్టింది. పై వాటాలో ఉండే బెంగాలీ ఆవిడ, మేం బౌదీ అంటాం, కిటికీ తెరిచి చూస్తోంది.

"బావా" అన్నాడు గురువులు, "పెట్రోలు తిప్పినావా?"

తిప్పలేదు.

గురువులు పొట్ట పట్టుకుని నవ్వాడు. దాలమ్మ మాత్రం నవ్వకుండా నా ముఖమే చూసింది.

"మర్సిపోయినాను" అన్నాను పైకే. అని నవ్వాను. అప్పుడు అదీ నవ్వింది.

పెట్రోలు కాక్ తిప్పి కొట్టాను. రెండోసారికి పట్టుకుంది. నీలంపొగ వీధంతా నిండితే బౌదీ కిటికీ ధడాలున వేసుకుంది. ఇంజనుకి చెవి దగ్గర పెట్టి విన్నాను. గలగల లేదు. డగ డగ డగమని ఒకటే పాట.

దాలమ్మ చేతులు తుడుచుకుని వచ్చి వెనక కూర్చుంది.

"ఎటు పోదాం?" అన్నాను.

"నీ ఇష్టం. తిరిగి ఇంటికి తెచ్చీగలవు గదా?"

వాట్‌గంజ్ దాకా పోయాం. మా పాత వరస ముందు ఆపి మట్టికప్పుల్లో టీ తాగాం. అయ్య కూర్చున్న గుమ్మం దానికి చూపించాను. ఎవరిదో కొత్త తలుపు ఉంది.

ఎండ ముదరకముందే ఇంటికి తెచ్చాను.