మందాకిని యిచ్చిన తీర్పు

శ్రావణమాసపు అపరాహ్ణమున విజయనగర దుర్గప్రాకారములపై నీలమేఘమాలికలు మదగజయూథమువలె మందగమనమున సంచరించుచు ఒకచో ఆగి కురియుచు ఒకచో కురియక ఊరక గర్జించుచు ఉండగా వర్షధౌతములైన వీథులయందు దీపములు వెలుగుటకు మున్నే శ్యామలచ్ఛాయ యొకటి పరచుకొని యుండెను. ఆ వేళ నాదపీఠమను సంగీతసభామందిరపు మెట్లపై తడిసిన గొడుగులు విదిలించి ముడుచుచు రసికజనులు ఒకరి వెనుక నొకరుగా లోనికి ప్రవేశించుచుండిరి. వారి ముఖములయందు కచేరి వినబోవువారి ప్రసన్నత లేదు. తీర్పు వినబోవువారి గాంభీర్యమే యుండెను.

నాదపీఠము తన రజతోత్సవము సమీపించుచుండగా ఒక సంకల్పము చేసియుండెను. గడచిన మూడు దశాబ్దములలో క్యాసెట్ల రూపముననైనను సీడీల రూపముననైనను తెలుగునేలపై వెలువడిన సంగీతపు ఆల్బములలో సర్వోత్తమమైనదానిని సభ్యులే ఎన్నుకొని దాని నామమును మందిరద్వారమున నల్లరాతిపై చెక్కింపవలెనని ఆ సంకల్పము. వినోదముగా మొదలైన ఆ చర్చ వేసవి గడచునప్పటికి వివాదమై వానలు పడునప్పటికి వైరమయ్యెను. ఒక్కొక ఆల్బమే వెనుకబడిపోగా తుదకు రెండు మాత్రమే మిగిలెను. ఏండ్ల తరబడి ఒకే బల్లపై ఫలహారము పంచుకొని తిన్న మిత్రులు ఆ రెండింటి నిమిత్తమై ఎదురుపడినను పలుకరించుకొనక తొలగిపోవుచుండిరి.

మొదటిది మేఘసోపానము. కీర్తిశేషుడైన మంథా చిదంబరశర్మ అను వయొలిన్ విద్వాంసుడు కూర్చిన ఆ వాద్యప్రబంధమునందు మానవకంఠము ఎచ్చటను వినబడదు. ముప్పది వయొలిన్లు మేఘము మీద మేఘము పేర్చినట్లు స్వరములను పేర్చుకొనుచు పోయి ఇక ఆకాశమే లేదనిపించు శిఖరమున ఒక్కసారిగా మౌనము వహింపగా ఆ మౌనములోనుండి ఒంటరి నాదస్వర మొకటి ఊపిరి తీయును.

రెండవది ఉప్పుగాలి. సంగీతకళాశాలలో అధ్యాపికయైన కొచ్చెర్ల మందాకిని భీమునిపట్టణము మొదలు కళింగపట్టణము వరకు కడలి యొడ్డున పల్లెపల్లెకు నడచి వలలు అల్లువారియొద్దను చేపలు ఎండబెట్టు స్త్రీలయొద్దను కూర్చుండి నేర్చిన పాటలను అలల హోరు తప్ప వేరు శ్రుతి లేక పాడిన ఆల్బము అది. ఆమె పాడిన ఆల్బము అదియొక్కటే. అది వెలువడిన మరు సంవత్సరమే ఆమె కంఠమునకు దారుణవ్యాధి సోకెను. శస్త్రచికిత్స ప్రాణమును నిలిపెను గాని స్వరమును హరించెను. పెదవులయొద్ద చెవి యుంచినవారికి మాత్రమే వినవచ్చు గుసగుస యొకటి ఆమెకు శేషించెను. నాదపీఠమును స్థాపించినవారిలో తానొకతె అయ్యును ఆమె నాటినుండి ఆ మెట్లు ఎక్కలేదు.

మేఘసోపానపక్షమునకు నాయకుడు వయోవృద్ధుడును వయొలిన్ గురువును అగు అవధానుల విశ్వపతిశాస్త్రి. ఉప్పుగాలిపక్షమునకు నాయిక చరిత్రాధ్యాపకురాలగు బొడ్డేపల్లి హైమవతి. హైమవతి తల్లి చింతపల్లి తీరమున పుట్టి బిడ్డ పసితనముననే గతించినది. ఏనాడో మరచిపోయిన తల్లి జోలపాట ఒకనాడు ఆ ఆల్బములో అకస్మాత్తుగా వినవచ్చినప్పుడు హైమవతి వంటింట నిలుచున్నచోటనే నేలపై కూలబడి పాట ముగియువరకు లేవలేకపోయెను. ద్వారముపై ఆ నామము చెక్కబడినచో తన తల్లియు ఆమె ఊరివారును తలయెత్తుకొని ఆ మందిరమున ప్రవేశించినట్లగునని ఆమె భావన. ఈ మాట ఆమె ఎవ్వరికిని చెప్పలేదు.

ఆనాటి సభలో శాస్త్రి లేచి నిదానముగా పలికెను.

“అమ్మా హైమవతీ, ఆ పాటలు బావున్నాయి, కాదనను. కానీ బావుండడం వేరు, మహత్తు వేరు. చిదంబరశర్మ కట్టింది గోపురం తల్లీ. అంత ఎత్తు మనిషి మళ్లీ కడతాడా అని నాకు అనుమానం.”

హైమవతి కూర్చున్నచోటినుండి కదలకయే బదులు చెప్పెను.

“మేఘసోపానం వింటే తలెత్తి చూస్తామండీ, నిజమే. ఉప్పుగాలి వింటే పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకుంటాం. ఏది గొప్పో మీరే చెప్పండి.”

సభలో ఇరువైపుల నుండియు కలకలము చెలరేగెను. అధ్యక్షుడగు గంటి సోమయాజులు ఓట్లు తీసికొనగా రెండు పక్షములును సమానములై నిలిచెను. మరల తీసికొనిరి. మరల సమానములే అయ్యెను. అప్పుడు శాస్త్రి తన పక్షమువారే నివ్వెరపడునట్లు ఒక మాట పలికెను.

“మందాకినికి కబురు పెట్టండి. ఆవిడ ఈ పీఠం సభ్యురాలే. మనమంతా విన్నవాళ్లం, ఆవిడ చేసిన మనిషి. ఆవిడ ఎటంటే అటు.”

“మీకేమైనా మతిపోయిందా శాస్త్రిగారూ? తన పాట కాదని ఎవరంటారండీ?” అని వెనుక వరుసలోని శిష్యుడొకడు ఆక్రోశించెను.

“ఆవిణ్ణి నేనెరుగుదును నాయనా. కూర్చో” అని శాస్త్రి వారించెను.

హైమవతి పక్షమువారి ముఖములు విజయమప్పుడే చేకూరినట్లు వికసించెను. వాన వెలిసిన సందున హైమవతియే కారులో పోయి సమీపవీథిలో అక్కగారి ఇంట నివసించుచున్న మందాకినిని ప్రార్థించి తోడ్కొని వచ్చెను. తెల్లని నేతచీర ధరించి మెడచుట్టు పలుచని కండువా చుట్టుకొనిన ఆ నెరసిన కేశములుగల స్త్రీ ద్వారమున అడుగిడగానే సభయంతయు లేచి నిలిచెను. ఎవ్వరును లెమ్మని చెప్పలేదు. పక్షములు మరచి అందరును లేచిరి.

ఆమెను వేదికపై కూర్చుండబెట్టి సోమయాజులు విషయము నివేదించెను. ఆమె కన్నులు మూసికొని అంతయు వినెను. పిమ్మట చేతితో హైమవతిని దగ్గరకు పిలిచెను. మైకునకు సైతము అందని ఆ గుసగుసను చెవియొగ్గి విని సభకు చెప్పుటకు హైమవతి ఆమె ప్రక్కన మోకాళ్లపై కూర్చుండెను.

“నన్ను గుర్తుపెట్టుకున్నారు, సంతోషం” అని హైమవతి మొదటి మాటను ఎలుగెత్తి పలికెను. “నా పాట బతికుందని హైమ చెబితే నమ్మలేదు. మిమ్మల్ని చూశాక నమ్ముతున్నాను.”

సభ్యులు చప్పట్లు చరచిరి. మందాకిని పెదవులు మరల కదలెను. హైమవతి చెవి అక్కడనే యుండెను గాని నోరు తెరువలేదు. మందాకిని పలికిన ఆ మాట ఆ సువిశాలమందిరమున హైమవతి చెవిలోనికి తప్ప మరియొక చెవిలోనికి పోలేదు. ఒక్క పేరు మార్చి పలికినచో చాలును. మందాకిని కాదనవలెనన్నను ఆ కాదనుట సైతము హైమవతి కంఠముననే వెలువడవలెను. ఎన్నో నెలల వాదమును ఎన్నో నిద్రలేని రాత్రులును తల్లి ఊరి ఇసుకతిన్నెలును ఆ ఒక్క క్షణమున ఆమె కనుల యెదుట నిలిచెను.

ఆమె మందాకిని వంక చూచెను. మందాకిని ఆమె వంక చూచి తల ఊపెను. అంతట హైమవతి మైకును సవరించుకొని ఏ అక్షరమును తడబడనీయక పలికెను.

“నా ఓటు మేఘసోపానానికి.”

గుసగుస సాగెను. దాని వెంట హైమవతి కంఠమును సాగెను.

“ఆపరేషన్ అయ్యాక ఏ మనిషి గొంతూ వినలేకపోయేదాన్ని. పాట వినపడితే తలుపు వేసేసుకునేదాన్ని. అప్పుడు మా అక్క ఇది పెట్టింది. ఇందులో పాడేవాళ్లెవరూ లేరు కదా అని ఊరుకున్నాను. వయొలిన్లన్నీ ఆగిపోయాక ఆ నాదస్వరం ఊపిరి తీస్తుందే, అక్కడ నేనూ ఊపిరి తీశాను. గొంతు పోతే ఊపిరి కూడా పోయినట్టేనని అనుకున్నాను. కాదని తెలిసింది. నా పాటలు ఎలా పుట్టాయో నాకు తెలుసు. ఎక్కడ శ్రుతి జారిందో, ఎక్కడ సర్దుకున్నానో అంతా తెలుసు. మేఘసోపానం మాత్రం ఒక మనిషి ఎలా చెయ్యగలిగాడో ఇప్పటికీ అంతుబట్టలేదు. నేను దణ్ణం పెట్టేది అంతుబట్టనిదానికే.”

చివరి మాట ముగియునప్పటికి హైమవతి కన్నులనుండి నీరు ధారాపాతముగా ప్రవహించుచుండెను గాని స్వరము మాత్రము దీపశిఖవలె నిశ్చలముగా నిలిచెను. సోమయాజులు తీర్పు ప్రకటించెను. మేఘసోపాననామమే రాతిపై చెక్కబడునని నిర్ణయమయ్యెను. గెలిచినవారిలో నొక్కడును చేతులు చరచలేదు.

శాస్త్రి మెల్లగా వేదికయొద్దకు వచ్చెను.

“ఆ పేరు నువ్వు మార్చి చెప్పినా మాకెవరికీ తెలిసేది కాదు తల్లీ.”

హైమవతి కొంగుతో కన్నులు తుడుచుకొనెను.

“అప్పుడు నా నోట పలికిన గొంతు నాది కాదు కదండీ, ఆవిడది.”

అంతకాలము ఆమెను ప్రత్యర్థినిగా భావించిన ఆ వృద్ధుని కన్నులయందు గొప్ప సంగీతమును విన్నప్పుడు మాత్రమే పొడచూపు విస్మయము నిండెను. అతడు మందాకిని వైపు తిరిగి చేతులు జోడించి “మీరు అనుమతిస్తే ఉప్పుగాలి ఒక్కసారి అందరం కలిసి విందాం. నేను దాని మీద వాదించానే గానీ మనసుపెట్టి వినలేదేమోనని ఇప్పుడు అనిపిస్తోంది” అని వేడెను. శస్త్రచికిత్స జరిగిన నాటినుండి ఆమె తన పాటను తాను వినలేదు. ఆమె కొంత సందేహించి తుదకు సరేయనునట్లు తల ఊపెను.

పెద్ద స్పీకర్లనుండి ముందుగా అలల హోరు పొంగెను. ఆ హోరుపై ఒక యౌవనకంఠము నావవలె లేచి పడుచు పడి లేచుచు ఒడ్డును విడిచి సాగెను. మందాకిని మొదట చెవులు మూసికొనబోయినదానివలె చేతులెత్తెను. పిమ్మట ఆ చేతులు దించి ఒడిలో పెట్టుకొనెను. పాట నడిమికి వచ్చునప్పటికి ఆమె ముఖముపై భయము తొలగి దూరమున నున్న దేనినో పోల్చుకొనబోవువారి కుతూహలము పొడమెను. అది ముగియునప్పటికి కుతూహలము సైతము తొలగి ఆశ్చర్యమొక్కటే నిలిచెను. ఆమె హైమవతి చెవియొద్దకు వంగి ఏమో పలికెను.

“ఏమన్నారమ్మా?” అని శాస్త్రి ఆతురతతో నడిగెను. సభ యంతయు చెవియై వేచెను.

హైమవతి కన్నీటి నడుమ నవ్వుచు చెప్పెను.

“‘ఎవరో గానీ, ఎంత బాగా పాడింది! ఎలా పాడగలిగిందో!’ అంటున్నారండీ.”