కరెంటు వెయ్యనా

వరద ఏడో మెట్టు దాకా వచ్చి అప్పటికి మూడో ఏడు నడుస్తోంది. ఆ వీధిలో ఏళ్ళని అలాగే లెక్కపెడతారు. టైలరమ్మ కూతురి పెళ్ళి నాలుగో మెట్టు వరద ఏడాది. పాల కేంద్రం మూతపడింది దానికి ముందు ఏడాది. ఏడో మెట్టు వరద అనగానే మటుకు అందరూ మోటార్ల షాపు తమ్ముడి మాటే ఎత్తుతారు. "బంగారం లాంటి మనిషి, నీళ్ళు ఎత్తుకుపోయాయి" అంటారు.

ఆ తమ్ముడికి ఒక అన్న. కాలిపోయిన మోటార్లకి కొత్త తీగ చుట్టే పని ఇద్దరిదీ. తమ్ముడు నోరు విప్పితే ఆగేవాడు కాదు, అన్న అసలు విప్పేవాడే కాదు. వీధివాళ్ళు ఆయనకి మూగమోటారు అని పేరు పెట్టారు. పెళ్ళిచూపులకి వెళ్ళి ఒక్క మాటా ఆడకుండా లేచి వచ్చేస్తే, పిల్ల తండ్రి "అబ్బాయికి చెవుడు కూడానా?" అని అడిగాడని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఆ పెళ్ళి కుదరలేదు, తర్వాత ఏదీ కుదరలేదు. తమ్ముడి భార్య పురిట్లోనే పోయింది. వరద తర్వాత ఇంట్లో మిగిలింది ఆయనా, తమ్ముడి కూతురూ.

పిల్లకి పద్దెనిమిది నిండాయి. ఒకరోజు పొద్దున్న తినేటప్పుడు పళ్ళెంలో వేలు తిప్పుతూ అంది.

"పెదనాన్నా, ఒకటి చెప్తా. కోప్పడకు."

ఆయన తల ఊపాడు.

"మామ దగ్గరికి వెళ్ళిపోదామనుకుంటున్నా."

ఆయన నోటి దగ్గరికి పోయిన చెయ్యి అక్కడే ఆగింది.

"నువ్వేదో చేశావని కాదు. ఈ ఇంట్లో ట్యాంకు నిండి పొర్లే చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. నాన్న ఉన్నప్పుడు మేమిద్దరం గేమ్ ఆడుతుంటే పక్కింటివాళ్ళు గోడ కొట్టేవాళ్ళు. ఓడిపోయేది తను, తిట్టేది నన్ను. ఇప్పుడు నాకు పొద్దుణ్ణించి సాయంత్రం దాకా మాట్లాడటానికి ఆ కుట్టు మిషనావిడే దిక్కు. ఆవిడకేమో జాకెట్టు కొలతలు తప్ప ఇంకో లోకం లేదు."

ఆయన ముద్దని పళ్ళెంలో పెట్టేశాడు. తర్వాత అన్నాడు: "ఆటలాడే ల్యాప్‌టాపు కొంటే ఉంటావా?"

పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. "నాలుగు మాటలు! ఒకేసారి! ఒంట్లో బాగానే ఉందా?"

"ఉంటావా?"

పిల్ల నవ్వడం ఆపింది. "అందులో నలుగురం కలిసి ఆడతాం పెదనాన్నా. చెవుల్లో వాళ్ళ మాటలు వినపడతాయి. మనుషులున్నట్టుంటుంది. అది ఉంటే... ఉంటా."

అదీ సంగతి. పిల్ల ఉండాలి. ఆ ఇంట్లో ఒంటరిగా ఉండటం ఆయనవల్ల కాదు. ఎందుకు కాదో పిల్లకి తెలియదు. పిల్లకి చప్పుడు లేని ఇల్లు ఆయనకి చప్పుడున్న ఇల్లు.

ఆ అన్నదమ్ములకి ఒక పద్ధతి ఉండేది. అంతకుముందు ఒక వరదలో మెయిన్ బోర్డు తడిసిపోతే దాన్ని మేడ మీదికి మార్చారు. షాపు కింద, బోర్డు పైన. తమ్ముడు కింద మోటారుకి తీగలు కలిపి, స్క్రూడ్రైవరుతో మెట్ల రైలింగు మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. టక్ టక్. అంటే కరెంటు వెయ్యమని. అన్న పైన లివరు ఎత్తేవాడు. వేరే షాపుల్లో అయితే పైనున్నవాడు "వెయ్యనా?" అని అరుస్తాడు, కిందున్నవాడు "వెయ్యి" అంటాడు. ఇక్కడ పైనున్నవాడికి మాటంటే బద్ధకం కాబట్టి తమ్ముడే ఈ ఏర్పాటు చేశాడు. "మా అన్న నోరు అరిగిపోకుండా కాపాడుతున్నా" అనేవాడు.

ఆ రెండు దెబ్బలు ఇప్పటికీ వినపడతాయి. ఒంటి మీద నీళ్ళు పోసుకుంటున్నప్పుడు, షర్టు గుండీ పెట్టుకుంటున్నప్పుడు, పట్టపగలు, కిందినించి. టక్ టక్. వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు.

ఆదివారం ఇద్దరూ పాత ల్యాప్‌టాపుల షాపుకి వెళ్ళారు. ఇరుకు గది, గోడలనిండా తీగలు, మధ్యలో పొడుగు బల్ల. షాపావిడ కళ్ళజోడు తల మీదికి తోసుకుని పని చేసుకుంటోంది.

"గేమింగుకి కావాలండీ" అంది పిల్ల. "గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉండాలి. ర్యామ్ పదహారుకి తగ్గకూడదు."

"తెలిసిన పిల్లే" అని మూడు తీసి బల్ల మీద పెట్టింది ఆవిడ. "ఏం ఆడతావో చెప్పు, అదే పెట్టి చూపిస్తా. ఆట నడవకుండా ల్యాప్‌టాపు చూడటమంటే బండి స్టాండు వేసి తొక్కినట్టే. తాతగారూ, మీరు ఆ స్టూలు మీద కూర్చోండి."

ఆయన కూర్చోలేదు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

"అయ్యయ్యో, విప్పకూడదండీ! విప్పితే గ్యారంటీ పోతుంది!"

"విప్పరు లెండి" అంది పిల్ల, సిగ్గుపడుతూ. "వింటారు."

మోటారు పనివాళ్ళు బేరింగుని అలాగే చూస్తారు. స్క్రూడ్రైవరు మొనని మోటారు ఒంటికి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి ఆనిస్తే లోపల ఏముందో ఎముక చెప్తుంది. ఆయనకి గ్రాఫిక్స్ కార్డు తెలియదు, ర్యామ్ తెలియదు. లోపల ఫ్యాను ఉంటుందని, ఆట ఆడితే వేడెక్కి అది తిరుగుతుందని పిల్ల దారిలో చెప్పింది. తిరిగేది ఏదైనా ఆయనకి తెలుసు.

మొదటిదానిలో ఆట పెట్టారు. ఫ్యాను లేచింది. ఆయన విని, "బుష్‌లో నూనె ఎండింది. ఆర్నెల్లే వస్తుంది" అన్నాడు.

షాపావిడ నోరు తెరిచింది. "నిన్ననే ఫ్యాను సణుగుతోందని పక్కన పెట్టా దీన్ని! తాతగారూ, రోజూ ఓ గంట వచ్చి పోరాదూ, మా మెకానిక్కుని ఇంటికి పంపించేస్తా."

రెండోదాని ఫ్యాను బాగుంది. తెరే బాగాలేదు. చీకటి గదిలోకి వెళ్తే అంతా నల్లమచ్చ. "వెనకనించి ఎవడొచ్చాడో తెలిసేలోపే చచ్చిపోతా" అని పిల్ల పక్కకి నెట్టింది.

మూడోది బరువైనది. అంచులు అరిగాయి కానీ తెర నిగనిగలాడుతోంది. ఆట పెట్టగానే పిల్ల ముందుకి వంగింది. వేళ్ళు మీటల మీద వాటంతటవే పరుగెత్తాయి. "అబ్బ" అంది. తర్వాత గొంతు తగ్గించి "పెదనాన్నా, ఇది వరదలో పోయిన మన పాతదానిలాగే ఉంది. నాన్నదీ నాదీ. అదే బరువు" అంది.

ఆయన మొన ఆనించి, పిడి ఎముకకి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. ఫ్యాను జుయ్యిమని లేచింది. బేరింగు నున్నగా ఉంది. గాలి సాఫీగా పోతోంది. ఆ గాలి కింద, దూరంగా, నీళ్ళడుగునించి వచ్చినట్టు వినపడింది.

టక్ టక్.

ఆగింది. మళ్ళీ టక్ టక్.

ఆయన స్క్రూడ్రైవరు తీసేశాడు.

వరద వచ్చిన ఆ రోజు షాపులో నీళ్ళు మోకాలి లోతు. మెయిన్ ఆపేసి ఆయన పైన నిలబడ్డాడు. నీళ్ళు తోడే మోటారుని తమ్ముడు కింద బల్ల మీదికి ఎత్తుతున్నాడు. తీగలు కలపగానే కొడతానన్నాడు. రెండు దెబ్బలు వినపడ్డాయి. ఆయన లివరు ఎత్తాడు. కింద ఏదో పడిన చప్పుడయింది. మెట్లు దిగి చూస్తే తమ్ముడి చేతుల్లో తీగలు ఇంకా కలపని తీగలే. మెట్ల పక్కన ఖాళీ వార్నిష్ డబ్బా ఒకటి నీళ్ళ మీద ఊగుతూ రైలింగుకి తగులుతోంది. టక్ టక్. ఆగి, మళ్ళీ టక్ టక్. ఆయన పైకి పరుగెత్తి లివరు దించి వచ్చేసరికి కట్ట తెగిన నీళ్ళు తలుపులోంచి గోడలా లోపలికొచ్చాయి. మర్నాడు తమ్ముడు రెండు వీధుల అవతల దొరికాడు. నీళ్ళు ఎత్తుకుపోయాయన్నారు జనం. ఆయన కాదనలేదు. మాట్లాడని మనిషిని ఎవరూ ఏమీ అడగరు.

"ఇది వద్దు" అన్నాడు.

"ఎందుకు?" అంది పిల్ల.

"చప్పుడొస్తోంది."

షాపావిడ స్క్రూడ్రైవరు అందుకుని తన చెవి వెనక పెట్టుకుంది. "ఫ్యాను తిరుగుతోంది, అంతే. ఇంకేం లేదండీ." పిల్ల కూడా పెట్టుకుంది. చాలాసేపు వింది. "ఏమీ లేదు పెదనాన్నా."

"వద్దు."

"ఎందుకో చెప్పు. ఒక్కటి చెప్పు."

ఆయన స్క్రూడ్రైవరు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. పిల్ల ఫోను తీసి, మామ పేరు మీద వేలు పెట్టి, నొక్కకుండా అలాగే నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. షాపావిడ తల మీది కళ్ళజోడు కిందికి దించి ఏదో వెతుక్కుంటున్నట్టు పక్కకి తిరిగింది.

"అదే ఇవ్వండి" అన్నాడు ఆయన.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం మూడు. ఇంటర్‌నెట్ తీగ కింది షాపులోకే వస్తుంది. వరద తర్వాత ఆయన కింది లైను లివరు ఎత్తలేదు. తీగ చుట్టడం వరండాలో, పరీక్ష చెయ్యడం వేరేవాళ్ళ షాపులో. పిల్ల షాపు ఊడ్చి, నాన్న బల్ల తుడిచి, ల్యాప్‌టాపు పెట్టి, చార్జరు సాకెట్లో దూర్చింది.

"పెదనాన్నా, కింద లైను వెయ్యి!"

ఆయన పైన బోర్డు ముందు నిలబడ్డాడు. లివరు మీద చెయ్యి వేశాడు.

టక్ టక్.

ఈసారి ఎముకలోంచి కాదు. రైలింగు మీదినించి, ఇనుము మీద ఇనుము తగిలినట్టు.

"వెయ్యనా?" అని అరిచాడు ఆయన. ఆ గొంతు ఆయనకే కొత్తగా ఉంది.

"ఆఁ, వెయ్యి!"

"వెయ్యనా?"

"వెయ్యమంటున్నాగా!"

"చేతులు తీశావా? నేల పొడిగా ఉందా? బల్ల కింద చూడు. వెయ్యనా?"

పిల్ల నవ్వింది. "ఏంటి పెదనాన్నా, మూడేళ్ళ మాటలూ ఇవాళే అయిపోగొడతావా?"

"వెయ్యనా? వెయ్యనా?"

నవ్వు ఆగిపోయింది. పిల్ల మెట్లెక్కి వచ్చింది. ఆయన రెండు చేతులతో లివరుని కిందికి అదిమి పట్టుకుని ఉన్నాడు, ఎవరో పైకి లాగుతున్నట్టు.

"రైలింగు ఎందుకు కొట్టావు?" అన్నాడు.

"నేను కొట్టలేదు. నేను బల్ల దగ్గరున్నా."

ఆయన అక్కడే గోడకి ఆనుకుని కూలబడ్డాడు. పిల్ల నీళ్ళు తెస్తానని లేవబోతే కొంగు పట్టుకుని కూర్చోబెట్టాడు. చెప్పాడు. మోకాలి లోతు నీళ్ళు, వార్నిష్ డబ్బా, కలపని తీగలు, అన్నీ వరసగా. నాన్చలేదు. దాచలేదు. చెప్పడం అయ్యేసరికి కిటికీ ఎండ గోడ దిగి నేల మీదికి వచ్చింది.

పిల్ల మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని వింది.

"వెయ్యనా అని అడగలేదా?"

"అడగలేదు."

"ఒక్క మాట."

"ఒక్కటే."

పిల్ల లేచి కిందికి వెళ్ళింది. కాసేపటికి ఫోనులో "మామా, రేపు పొద్దున్న వచ్చి తీసుకెళ్ళు" అనడం వినపడింది. ఇంకేమీ చెప్పలేదు. ఆయన కోసం గిన్నె మీద మూత పెట్టి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆయన బోర్డు కిందే కూర్చున్నాడు. రైలింగు రెండుసార్లు మోగింది. ఈసారి వెళ్ళి చూడలేదు. "విన్నాను రా" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే లేచి స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, వీధిలోకి వెళ్ళి నిలబడ్డాడు. పిల్ల సంచి, ల్యాప్‌టాపు తనే మోసుకొచ్చి గట్టు మీద పెట్టాడు. మేనమామ బండి వచ్చి ఆగింది. అతను హెల్మెట్ తీసి "బాగున్నారా బావగారూ" అనేలోపే ఆయన మొదలుపెట్టాడు.

"మీ బావని నీళ్ళు తీసుకుపోలేదు. నేను కరెంటు వేశాను."

మేనమామ హెల్మెట్ చేతిలో పట్టుకుని, మొత్తం విని, గట్టు మీద కూర్చుండిపోయాడు. "నీకు తెలుసా?" అన్నాడు పిల్లతో. "నిన్న చెప్పాడు" అంది పిల్ల. తిట్టలేదు, ఓదార్చలేదు. మామ లేచి బండి తీశాక సంచి తీసుకుని వెనక ఎక్కింది. ల్యాప్‌టాపు ఒళ్ళో పెట్టుకుంది. చూసేవాళ్ళకి చంటిపిల్లని పట్టుకున్నట్టుంది.

బండి మలుపు తిరిగింది. ఆయన ఇంట్లోకి వెళ్ళలేదు. తమ్ముడి కోసం ఏడ్చిన ఇళ్ళు ఆ వీధిలో ఇంకా పదకొండు ఉన్నాయి. మొదటిది పక్కదే. తలుపు తట్టాడు.

టైలరమ్మ నోట్లో సూది పెట్టుకునే తలుపు తీసింది. సూది తీసి "ఏంటన్నా, ఎప్పుడూ రానివాడివి?" అంది.

"కూర్చో అమ్మా" అన్నాడు ఆయన. "ఒక మాట చెప్పాలి."