దూరని బండి

ఫ్రాన్సులోని దినాన్ ఊళ్లో పొద్దుటినుంచీ ఒకటే వాన. ఏ పార్కింగుకి వెళ్లినా రెండు మీటర్ల ఎత్తున అడ్డంగా ఇనుప కమ్మీ. ఉన్న ఇల్లు అమ్మి కొన్న, పడకా పొయ్యీ అన్నీ ఉన్న క్యాంపర్ వ్యాను ఒక్కదాని కిందా దూరలేదు. ఓదిల్ ఆ పాత కోటగోడల్ని అద్దంలోంచే మూడోసారి చూసింది.

ఎదురుగా ఇంకో క్యాంపర్ వచ్చింది. ఆ బండ్లవాళ్ల ఆనవాయితీ ప్రకారం ఆమె భర్త ఎర్వే చెయ్యి ఊపాడు. అవతలాయన తల తిప్పుకున్నాడు.

"పొద్దున రెండుసార్లు ఊపాడుగా పాపం. అతనికీ చోటు దొరికి చావలేదు," అంది ఓదిల్.

ఎర్వే బండిని మళ్లీ కోట వైపు తిప్పాడు.

"ఈ ఊరు చూపించింది చాల్లే. ఇంటికి పోదాం పద," అందామె.

అతను నడిరోడ్డు మీదే బండి ఆపేశాడు. వెనక హారన్లు మోగుతున్నాయి.

"వచ్చేశాం, దిగు," అన్నాడు.