ఎనిమిది ఖాళీ గళ్లు

ఆ ప్రోగ్రామ్ రాసింది నేనే. రేపు ఎంతమందికి జ్వరం అంటుకుంటుందో ఇవాళే లెక్కకట్టి గీత గీసి చూపిస్తుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, తప్పులుంటే అభిప్రాయాల పేజీలో రాయొచ్చు. అలా రాసేవాళ్లలో సగం మంది పనీపాటా లేనివాళ్లని నా గట్టి నమ్మకం.

నా గీత వారంగా దిగుతోందని ఆరోగ్యశాఖ ధైర్యం చేసి, మూసిన బళ్లు ఆ రోజు తెరిపించింది. మా అమ్మాయి చిట్టెలుక వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని, వెనక్కి తిరిగైనా చూడకుండా బడికి వెళ్లిపోయింది. దాచడమెందుకు, నాకు గర్వంగానే అనిపించింది.

పదింటికి పేజీ తెరిస్తే, ఎవరో ఒక పాత ఫిర్యాదు పైకి లాగి, దీని సంగతేమైందని అడిగారు. అది ఒక పెద్దాసుపత్రి రికార్డు గది గుమాస్తా రాసింది.

"మేడమ్, మేం రోజూ పంపే జ్వరాల అంకె పంపకపోతే మీ ప్రోగ్రామ్ సున్నా అనుకుంటోంది. ఇక్కడ అంకెలు ఎక్కించేది ముగ్గురం. ఇద్దరు మంచం పట్టారు. నేనూ పడితే, మా దగ్గర జబ్బే లేదని చూపిస్తుంది."

కింద నా జవాబు: నమూనా ఫైలు జతచేయండి. ఆయన చేయలేదు. పద్ధతి పాటించలేదని ఒళ్లు మండి ఫిర్యాదు మూసేశాను. సగం కూడా చదవలేదు.

ఆ ఆసుపత్రి వరస తీశాను. ఎనిమిది రోజులుగా గళ్లు ఖాళీ. మిగతా ఆసుపత్రుల్లోనూ అక్కడక్కడా అంతే. ఖాళీలను సున్నా కాదు, తెలియదు అని మార్చి మళ్లీ నడిపించాను. దిగుతున్న గీత నిటారుగా లేచింది.

ఆరోగ్యశాఖకి ఫోన్ చేస్తే అధికారి మీటింగులో ఉన్నారన్నారు. లెక్క తప్పు, బళ్లు మూయించమని చెప్పండని ఫోన్ పెట్టేసి బడికి పరిగెత్తాను. నాకు అంత భయం ఎప్పుడూ వేయలేదు.

టీచరమ్మ హాజరుపట్టీతో గుమ్మంలోనే ఉంది. చిట్టెలుక బాగానే ఉందంది. తరగతిలో సగం బెంచీలు ఖాళీ. రాని పిల్లలకి ఏమైందని అడిగాను.

"ఎవరూ కబురు చెయ్యలేదండీ. బాగానే ఉండుంటారు లెండి."

మా పిల్ల పక్కన కూర్చునే స్నేహితురాలు కూడా రాలేదు. గీత దిగుతోంది కదా అని నిన్న ఆ పిల్లని ఆడుకోవడానికి నేనే పిలిచాను. మా మెట్ల మీద కూర్చుని ఇద్దరూ ఒకే సీసాలో నీళ్లు తాగారు.