గంపలో వచ్చిన గుంజ

చేపల బజారులో తడి గోనె తొలగించి వాలుగ చేపలను ఒక్కొక్కటిగా బల్ల మీదికి తీస్తుంటే, గంప అడుగున ఆమె చేతికి గుంజ తగిలింది. మూరెడు కర్ర, ఒక కొస మొనదేలి ఉంది. తెల్లవారకముందు వేటకు పోయిన భర్త గాలం తాడు కట్టేది దానికే. చేపలతోపాటు పొరపాటున వచ్చేసింది.

"ఏంటొదినా, పాముని పట్టుకున్నట్టు అలా చూస్తున్నావ్?" అన్నాడు గంపను ఆటోలో తెచ్చిన మరిది.

"మీ అన్న దగ్గర ఇంకో గుంజ ఉందా?"

"లేకపోతే ఏ చెట్టుకో కడతాడు. వాలుగలే ఆయన్ని చూసి మీసాలు దించుకుంటాయి."

"తూము దగ్గర చెట్టెక్కడుంది నాయనా? సిమెంటు గట్టు పగుల్లో దిగేది ఇదొక్కటే. రాత్రే ఎర్రనీరు దిగింది. ముందు ఇది ఇచ్చిరా."

"ఐసు దించేసి పోతాలే. ఎంతసేపు!" గుంజను సీటు మీద పడేసి వెళ్లాడు.

వాలుగ బేరమంతా నీటిని బట్టే. చలికాలంలో ఆ చేప వంతెన కింది మడుగులో అడుగు పట్టి పడుకుంటుంది. ఎండెక్కితే గాని నోరు తెరవదు. వేసవిలో గట్టు వేర్ల నీడన దాక్కుని, పొద్దువాలాక మేతకొస్తుంది. వానలకు ఎర్రనీరు దిగిందంటే, గుడ్లు పెట్టడానికి పెద్ద చేపలన్నీ తూము నోటికి ఎదురెక్కుతాయి. ఏడాది లోటు పూడేది ఆ కొద్ది రోజుల్లోనే. నీళ్లు మనిషిని అడిగేదీ అప్పుడే.

చూపు మందగించాక ఆమె భర్త గాలం తాడును కాలి బొటనవేలికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. చలికాలపు చేప ఎర ముట్టుకున్నా వేలికి తెలుస్తుంది. ఎర్రనీటి చేప ముట్టుకోదు, లాగుతుంది. అందుకే ఆమె షరతు పెట్టింది: కొత్తనీరు వస్తే తాడు గుంజకే. అతను నవ్వి ఒప్పుకున్నాడు. పెళ్లయినప్పటినుంచీ ఆమెతో వాదించి గెలిచిందీ లేదు, ఇచ్చిన మాట తప్పిందీ లేదు. కాని గుంజ లేక వట్టి చేతులతో ఉన్న మనిషి మాట ఎంతసేపు నిలుస్తుంది?

కళ్లుప్పుతో చేప జిగురు రుద్దుతూ ఆమె తూకం వేసుకుంది. బల్ల వదిలిపోతే సరుకు పాడవుతుంది, అతను పడిన తిప్పలన్నీ మట్టిపాలు. పోకపోతే? ఆ నష్టానికి సరిపడే తూనికరాయి ఆమె దగ్గర లేదు.

"ఏమే, ఒక ముక్క బారెడు, ఒకటి బెత్తెడు! కోపం నా మీదా, చేప మీదా?" అంది ఎప్పుడూ వచ్చే ముసలామె.

"నీళ్ల మీదమ్మా."

ఆ మాట అంటూనే కత్తి కింద పెట్టింది. చేపల మీద గోనె కప్పి, "కాస్త చూడక్కా" అని పక్క బల్లామెకు చెప్పి, ఉప్పు చేతులతోనే రోడ్డెక్కింది.

మలుపు దగ్గర మరిది ఆటో ఎదురొచ్చింది. ఆపాడు గాని దిగలేదు. హ్యాండిల్ వదల్లేదు.

"ముందు అక్కడికే పోయుంటే వదినా..."

ఆమె ఆటో కడ్డీ పట్టుకుంది.

"అన్నను నీళ్లలోంచి తీసి గట్టు మీద పడుకోబెట్టాం. తాడు ఇంకా వేలికే ఉంది."

ఆమె చేతులు చీరకు తుడుచుకుంది. రెండుసార్లు తుడుచుకుంది. వెనక సీటు మీద, కరిగిన ఐసు నీళ్లలో గుంజ అలాగే పడి ఉంది. దాని మెడ చుట్టూ, ఏళ్లుగా తాడు ఒరిసి ఒరిసి పడిన గాడి.