తిరుపాలు చేతులు

ఆ ఏడాది మా వీధిలో నీళ్ల కష్టం ఎవరు ఎక్కువ పడ్డారని అడిగితే నా పేరే చెప్పాలి. వరుసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. ధర్మవరంలో మా వీధి చివర ఉన్న ఒక్క బోరింగు దగ్గర బారెడు బిందెల వరుస. ఇంటికి రోజుకు ఆరు బిందెలు నేనే మోసేదాన్ని. అందులో రెండు బిందెలు మా తమ్ముడి కూతురు తిరుపాలు చేతులు కడుక్కోవడానికే అయిపోయేవి. నాకు కోపం రాదా మరి?

నా పేరు ఓబమ్మ. మొగుడు పోయాక తమ్ముడు ముత్యాలప్ప ఇంటికి చేరాను. ఊరికే తిని కూర్చునే రకాన్ని కాదు. నాకు అచ్చు అతికే పని వచ్చు. మగ్గం మీద నిలువు పోగుల పాత పడుగు అయిపోతుంటే, దాని పోగుల కొనలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే కలపాలి. నాలుగు వేల పైచిలుకు పోగులు. ముడి వేయకూడదు. వేళ్లకు బూడిద అద్దుకుని, రెండు కొనలనూ కలిపి మెలితిప్పాలి, అంతే. ఓబమ్మ అతికిన పోగు తెగదని వీధిలో పేరుంది. ఆ పేరు చెప్పుకోవడానికి నేనేం సిగ్గుపడను.

తిరుపాలుకు అప్పుడు పదేళ్లు. బడి నుంచి రాగానే సంచి మూలకు విసిరేసి, మగ్గం దగ్గర నాయన పక్కన కూర్చునేది. పేక పోగు కండె ఉండే నాడెను చీర అంచు వైపు నుంచి తోస్తూ బడి కబుర్లన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. మా తమ్ముడు మాటకారి కాదు. ఊఁ కొడుతూ వినేవాడు. ఆ గంటసేపు వాడి మొహం చూడాలి, పెళ్లినాడు కూడా అంత వెలగలేదు.

ఒకరోజు ఆ పిల్ల బజ్జీ తిన్న చేత్తోనే వచ్చి మగ్గం దగ్గర కూర్చుంది. మీగడ రంగు పెళ్లి చీర మీద బొటనవేలంత నూనె మరక పడింది. షావుకారు చీరను తిప్పి పంపాడు. ముత్యాలప్ప తిట్టలేదు, కొట్టలేదు. "చేతులు కడుక్కోని రావల్ల కదా పాపా" అన్నాడు, అంతే. మర్నాటికి వాడు మరిచిపోయాడు. పిల్ల మరవలేదు.

చేతులు కడగడం మొదలుపెట్టింది. తప్పు మాదే, మేము మురిసిపోయాం. నేత ఇంట్లో చేతులు కడుక్కునే పిల్ల కంటే బంగారం ఇంకేముంటుంది? వీధిలో అందరి ముందూ నేనే గొప్పలు పోయాను. బళ్లో హనుమంతరాయుడు సారు ఆమెను నిలబెట్టి, మిగతా పిల్లలకు ఆ చేతులు చూపించాడట. అగ్నికి ఆజ్యం పోయడమంటే అదే. ఇంకే ఇంట్లోనైనా ఎవరో ఒకరు ఇదేమిటని అడిగి ఉండేవాళ్లు. మాకు మూడు నెలలు పట్టింది.

ఒకసారి కడిగేది ఏడుసార్లయింది. మధ్యలో ఎవరైనా పిలిస్తే మళ్లీ మొదటికి. కడిగాక చెంబు ముట్టుకోదు కాబట్టి, వాళ్లమ్మ లక్ష్మీనరసమ్మ పొయ్యి దగ్గరి నుంచి లేచొచ్చి నీళ్లు పోయాలి. ఆ తర్వాత రెండు చేతులూ చాపి, "శుభ్రంగా ఉండాయా?" అని అడిగేది. ముగ్గురమూ చెప్పాలి. మా తమ్ముడు మగ్గం ఆపి "శుభ్రమే" అనాలి, వాళ్లమ్మ అనాలి, నేను అనాలి. ఒకరు ఇంట్లో లేకపోతే వాళ్లు వచ్చేదాకా బడికి కదలదు. నేను తిట్టుకుంటూనే చెప్పేదాన్ని. పిల్ల మొహం చూస్తే చెప్పకుండా ఉండలేం. చెప్పేకొద్దీ ఇంకా అడిగేది.

చేతులు పగిలాయి. కణుపుల దగ్గర నెత్తురు చిమ్మేది. మగ్గం దగ్గర కూర్చుంటే ఆ పగుళ్లకు పట్టు పోగులు తగులుకుని తెగేవి. ఒక సాయంత్రం ఐదు పోగులు తెగాయి. ముత్యాలప్ప మెల్లగా "కొన్నాళ్లు మగ్గం కాడికి రావద్దులే పాపా" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. పగుళ్లకు రాద్దామని లక్ష్మీనరసమ్మ కొబ్బరినూనె గిన్నె తెస్తే, పిల్ల దాన్ని చూసి కెవ్వున అరిచి వీధిలోకి పరుగెత్తింది.

ఆ రోజు నుంచి తిరుపాలు మాట్లాడటం తగ్గించింది. కడగడం ఎక్కువైంది. నాకు ఒళ్లు మండి ఒక మధ్యాహ్నం బిందె దగ్గర ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఏముండాదే ఆ చేతుల్లో? చూపీ నాకు!"

"నూనె ఉండాది అత్తా. ఇంగా పోలేదు. పోయింటే నాయన మగ్గం కాడికి రానిచ్చేవాడు కదా."

చెయ్యి వదిలేశాను. ఇన్నాళ్లూ ఈ పిల్ల నా నీళ్లు దండగ చేస్తోందని ఏడ్చానే కానీ, నాయన పక్కన చోటు కోసం చేతులు అరగదీసుకుంటోందని నాకు తట్టలేదు. నా మీద నాకే అసహ్యమేసింది.

తమ్ముడికి చెప్పాను. వాడు కళ్లు తుడుచుకుంటూ వెళ్లి పిల్లను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "మురికని కాదు పాపా. పగుళ్లకు పోగులు పట్టుకుంటాండాయని రావద్దంటి. చేతులు మెత్తబడితే నీ చోటు నీదే" అన్నాడు. తిరుపాలు అంతా శ్రద్ధగా విన్నది. తల ఊపింది. తర్వాత చేతులు చాపి, "అయితే శుభ్రమేనా నాయనా?" అని అడిగింది.

మాటలతో అయ్యే పని కాదని అప్పుడు తెలిసింది.

ఆ ఆదివారానికి మగ్గం మీద పడుగు అయిపోయింది. నేను అచ్చు అతకడానికి కూర్చుని, పిడకల బూడిద జల్లించి పళ్లెంలో పోసి పిల్లను పిలిచాను.

"నాకు కండ్లు సరిగ్గా కనపడల్యా. వచ్చి కూచో" అని అబద్ధమాడాను.

"కడుక్కోని వస్తా అత్తా."

"తడి చెయ్యి తగిలితే మెలి నిలవదు. అయిపోయేదాకా ఈ పనిలో నీళ్లు ముట్టుకోకూడదు."

"నా చేతులకు పోగులు తెగుతాయి."

"బూడిద పగుళ్లలో నిండితే తెగవు. పెట్టు."

చాలాసేపు పళ్లెం వైపే చూసింది. చివరికి ఒక వేలు పెట్టింది. మంటకు కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండో వేలు కూడా పెట్టింది. నాలుగు పోగులు అతికి, "అత్తా, శుభ్రమేనా?" అంది.

"శుభ్రమే" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "బూడిద చేతులు శుభ్రమెట్లయితాయే? నావీ అంతే. పోగు పట్టు."

మళ్లీ అడిగింది. ముప్పై సార్లు అడిగి ఉంటుంది. వంటింటి గుమ్మంలో లక్ష్మీనరసమ్మ చెంబుతో సిద్ధంగా నిలబడితే, గుడ్లురిమి లోపలికి పంపాను. ముత్యాలప్ప బయట అరుగు మీద కూర్చోలేక, లేవలేక అవస్థ పడుతున్నాడు. అయినా ఆ మాట అనలేదు. నా జన్మలో నేను చేసిన అన్ని పనుల్లోకీ నోరు మూసుకోవడమే కష్టమైన పని.

వంద పోగులు దాటాక అడగడం ఆగింది. నేను తలెత్తకుండా మెలితిప్పుతూనే ఉన్నాను. కాసేపటికి తిరుపాలే, "అత్తా, నిన్న మా బళ్లోకి మేకపిల్ల వచ్చి సారు హాజరు పుస్తకం తినేసింది" అంది. బయట అరుగు మీద ముత్యాలప్ప గట్టిగా నవ్వాడు. ఎన్ని నెలలయిందో వాడి నవ్వు విని.

మధ్యాహ్నానికి మూడు వందల పోగులు అతికింది. వాళ్ల నాయన వచ్చి ఒక్కొక్కటీ లాగి చూశాడు. ఒక్కటీ తెగలేదు.

ఆ ఒక్కరోజుతో నయమైపోయిందని చెబితే అబద్ధమవుతుంది. ఇప్పటి డాక్టర్లు దీనికి ఏదో పేరు చెబుతారట, మందులూ ఉన్నాయట. మాకు పేరూ తెలియదు, మందూ తెలియదు. ఆమె అడిగినప్పుడల్లా ముగ్గురమూ "ఏమో పాపా, పని చూసుకో" అనడం నేర్చుకున్నాం. కొన్ని రోజులు ఏడ్చేది. కొన్ని రోజులు మళ్లీ ఏడుసార్లు కడిగేది. ఏడు ఐదయింది, ఐదు మూడయింది.

నెల తర్వాత ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి, తనే వంటింట్లోకి వెళ్లి కొబ్బరినూనె గిన్నె తెచ్చింది. మగ్గం మీద ఉన్నది మళ్లీ మీగడ రంగు చీరే. తిరుపాలు నాయన ముందు నిలబడి రెండు చేతులూ చాపింది.

"రవ్వంతే రాయి నాయనా."

ముత్యాలప్ప నాడె వదిలేసి, కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలోంచి పైకి వచ్చాడు. ఒక్కొక్క వేలికీ నూనె రాశాడు. పిల్ల పళ్లు బిగపట్టి నిలబడింది. బిందె వైపు ఒకసారి చూసింది కానీ కదలలేదు.

"మండుతాందా పాపా?"

"మండుతాంది. చేతులు మెత్తబడేదాకా ఈడే కూచుంటా."

తన చోట్లోనే కూర్చుంది. నూనె చేతులు రెండూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, చీరకు తగలకుండా, బడి కబుర్లు మొదలుపెట్టింది. వాళ్ల నాయన ఆమె అంచు నాడెతో కలిపి రెండు నాడెలూ తనే వేసుకుంటూ ఊఁ కొడుతున్నాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చి, ఆ సాయంత్రం బోరింగు దగ్గరికి పోవడమే మరిచిపోయాను. పోవాల్సిన అవసరం కూడా లేకపోయింది. బిందెలో నీళ్లు అట్లాగే ఉన్నాయి.